చవక బోల్ట్ రైఫిల్: రేంజిలో ఏం చూడాలి, ఏది ఎంచుకోవాలి

తక్కువ ధర వేట రైఫిల్ అనగానే అందరి అనుమానం ముందు బారెల్ మీదకే పోతుంది. "సూటిగా కొడుతుందా?" అన్నదే మొదటి ప్రశ్న. నిజానికి ఈ తరగతి రైఫిళ్ళలో నిశ్చింతగా నమ్మదగ్గ భాగం ఏదైనా ఉందంటే అది బారెలే. రూగర్ కంపెనీ తన 'అమెరికన్' మోడల్ రైఫిల్ బారెల్‌ని హామర్ ఫోర్జింగ్‌తో (సుత్తులతో కొట్టి ఆకృతి ఇవ్వడం) చేస్తుంది, సావేజ్ కంపెనీ లోపలి గాడులను బటన్ అనే గట్టి లోహపు ముక్క లాగి తీస్తుంది. రెండూ యంత్రం రోజంతా ఒకే తీరున చేసుకుపోయే పనులు. ఈ రెండు కంపెనీలూ బారెల్‌ని రిసీవర్‌కి, అంటే తూటాని తోసి మూసే బోల్ట్ అనే కడ్డీ కదిలే గూడుకి, పెద్ద నట్టుతో బిగిస్తాయి. బోల్ట్ ముఖానికీ, తూటా ఛాంబర్లో (అది పేలే గదిలో) ఆనే చోటుకీ మధ్య ఉండాల్సిన దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. గేజి పెట్టి, బారెల్ తిప్పి, నట్టు బిగిస్తే ఆ కొలత కుదిరిపోతుంది. మునుపు ఇదే పనికి చేయి తిరిగిన మనిషి, చాలా సమయం కావలసి వచ్చేవి. ధర తగ్గింది అక్కడ.

మరి కోత పడింది ఎక్కడ? స్టాక్‌లో (రైఫిల్‌ని పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగంలో), మ్యాగజైన్‌లో (తూటాలు పట్టే పెట్టెలో), బోల్ట్ నునుపులో, అన్నిటికీ మించి రైఫిల్‌తో పాటు ప్యాకేజీగా ఇచ్చే స్కోపులో (గురి చూసే దూరదర్శినిలో). కాబట్టి రేంజికి వెళ్ళి చిన్న గ్రూపు (ఒకే గురితో కాల్చినప్పుడు పడే రంధ్రాల గుంపు) కొట్టి మురిసిపోతే సరిపోదు. కంపెనీ డబ్బు మిగుల్చుకున్న చోట్లను వెతికి మరీ పరీక్షించాలి.

బరిలో ఉన్నవి

ఈ తరగతిలో ఎక్కువగా పోటీపడేవి రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియట్, విన్‌చెస్టర్ ఎక్స్‌పీఆర్. కాస్త పై మెట్టులో హోవా 1500, టిక్కా టీ3ఎక్స్ ఉన్నాయి. టిక్కాని చవక అనడం కొంచెం సాహసమే, కానీ మొదటి నాలుగింటికీ ఏ లోటు ఉందో తెలియాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి అది పనికొస్తుంది.

రూగర్ అమెరికన్‌ది మూడు లగ్గుల (రిసీవర్‌లో పట్టుకునే పళ్ళ) బోల్ట్, 70 డిగ్రీలు ఎత్తితే తెరుచుకుంటుంది. లాభం ఏమిటంటే బోల్ట్ పిడి స్కోపుకి తగలదు, పెద్ద ఐపీసు (కంటివైపు భాగం) ఉన్న స్కోపు కూడా కిందికి దించి బిగించుకోవచ్చు. నష్టమూ అక్కడే ఉంది. ఫైరింగ్ పిన్ స్ప్రింగుని బిగించే పని 90 డిగ్రీల్లో కాకుండా 70లోనే జరగాలి కనుక పిడి ఎత్తడానికి ఎక్కువ బలం కావాలి. కొత్తలో ఇది బాగా తెలుస్తుంది, వాడగా వాడగా కొంత తగ్గుతుంది. స్టాక్ ప్లాస్టిక్కే అయినా అందులో రెండు లోహపు దిమ్మెలు పోతపోసి ఉంటాయి, రిసీవర్ వాటి మీద కూర్చుంటుంది. స్టాక్ ముందు భాగం ఎంత మెత్తగా ఉన్నా యాక్షన్ (రిసీవర్, బోల్ట్ కలిసిన భాగం) కుదురుగా ఉండడానికి కారణం ఇదే. ట్రిగ్గర్ 3 నుంచి 5 పౌన్ల మధ్య మనమే సర్దుకోవచ్చు. మొదటి తరం రైఫిళ్ళలో సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ తెరిచి తూటా తీసేయొచ్చు, ఇది మంచి ఏర్పాటు. రెండో తరంలో మూడు స్థానాల సేఫ్టీ, బారెల్ మూతి దగ్గర మరలు, చెంప ఎత్తు మార్చుకునే ముక్కలు వచ్చాయి.

సావేజ్ యాక్సిస్ 2010లో ఎడ్జ్ పేరుతో వచ్చి మరుసటి ఏడే పేరు మార్చుకుంది. దీని బోల్ట్ తల విడి ముక్క. కొద్దిగా ఊగుతుంది, అలా ఊగాలి కూడా. రెండు లగ్గులూ రిసీవర్‌లో సమానంగా ఆనడానికి ఆ వెసులుబాటు ఉంచారు. కొత్తగా చూసేవాళ్ళు "ఇదేంటి, వదులుగా ఉంది" అని భయపడతారు, భయం అక్కర్లేదు. తీసుకుంటే మాత్రం అక్యుట్రిగ్గర్ (సావేజ్ సర్దుబాటు ట్రిగ్గర్) ఉన్నదే తీసుకోవాలి. సర్దుబాటు లేని పాత ట్రిగ్గర్‌తో గురి సాధన చేయడం చేతికి శిక్ష. అక్యుట్రిగ్గర్ మధ్యలో సన్నని పలక ఉంటుంది. వేలు ఆ పలకని పూర్తిగా నొక్కకుండా పక్కనుంచి లాగితే సియర్ (ఫైరింగ్ పిన్‌ని ఆపి ఉంచే కొక్కెం) జారి అడ్డుపలక మీద ఆగిపోతుంది, తూటా పేలదు. అప్పుడు బోల్ట్ పిడి ఎత్తి దించితేనే మళ్ళీ సిద్ధమవుతుంది. చెడిపోయిందనుకుని తుపాకీని అటూ ఇటూ తిప్పి చూడకూడదు. మూతి టార్గెట్ వైపే ఉంచి పిడి ఎత్తాలి. యాక్సిస్ అసలు బలహీనత స్టాక్ ముందు భాగం. దాని గురించి కింద వివరంగా చెబుతాం.

పేట్రియట్ ట్రిగ్గర్ 2 నుంచి 7 పౌన్ల దాకా సర్దుకోవచ్చు, అక్యుట్రిగ్గర్ లాంటి పలకే దీనికీ ఉంటుంది. ఈ ధరలో చెక్క స్టాక్ దొరికే కొద్ది రైఫిళ్ళలో ఇదొకటి. ఎక్స్‌పీఆర్ బోల్ట్ 60 డిగ్రీలే ఎత్తాలి. సేఫ్టీ బోల్ట్‌ని కూడా బిగిస్తుంది, పక్కనున్న చిన్న బటన్ నొక్కితే సేఫ్టీ తీయకుండానే బోల్ట్ తెరవొచ్చు. హోవా రిసీవర్ అడుగు చదునుగా, రికాయిల్ లగ్ (తన్నుని స్టాక్‌కి అందించే దిమ్మె) దానితో పాటే ఒకే ముక్కగా ఉంటుంది. మూడు స్థానాల సేఫ్టీ, రెండు దశల ట్రిగ్గర్. వెదర్‌బీ వాన్‌గార్డ్‌ని తయారుచేసేదీ హోవానే. బరువు మాత్రం ఎక్కువ. టిక్కా ఫిన్‌లాండ్‌లో సాకో కర్మాగారం నుంచి వస్తుంది. దాని బోల్ట్ జారుడు ఒకసారి చేతికి తెలిస్తే మిగతావాటిలో గరుకు ఇట్టే పట్టేస్తారు. 2016లో టీ3 కాస్తా టీ3ఎక్స్ అయినప్పుడు కాల్చిన తూటా డొల్ల బయటపడే కిటికీ పెద్దది చేశారు, ఒక్కో తూటా చేత్తో పెట్టడం తేలికైంది.

కాల్చడానికి ముందు బల్ల మీద

రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకున్నాకే ఏదైనా. మ్యాగజైన్ తీసి, బోల్ట్ తీసి, వెనకనుంచి బారెల్లోకి వెలుతురు చూడాలి. కొత్త రైఫిల్ లోపల తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. పొడి గుడ్డముక్కలు శుభ్రంగా వచ్చేదాకా దూర్చి తీయాలి. నూనె బారెల్‌తో కాల్చిన మొదటి తూటా ఎక్కడ పడుతుందో చెప్పలేం, ఛాంబర్లో నూనె ఉంటే బోల్ట్ ముఖం మీద ఒత్తిడీ పెరుగుతుంది.

తర్వాత కాగితం పరీక్ష. మామూలు కాగితం పట్టీని స్టాక్ కొనదగ్గర బారెల్ కింద దూర్చి రిసీవర్ దాకా లాగాలి. ఎక్కడా పట్టకుండా వస్తే బారెల్ స్టాక్‌కి తగలడం లేదన్నమాట. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అది సగం పరీక్షే. ఇప్పుడు స్టాక్ కొనని ఇసుక సంచి మీద ఆనించి, స్కోపు మీద చెయ్యి వేసి కొద్దిగా కిందికి నొక్కి, మళ్ళీ కాగితం లాగాలి. మెత్తటి ప్లాస్టిక్ స్టాక్ అయితే కాగితం అక్కడే ఇరుక్కుంటుంది. అంటే బల్ల మీద సంచికి ఆనించి కాల్చినప్పుడు బారెల్‌కి స్టాక్ తగులుతుంది, చేత్తో పట్టుకుని కాల్చినప్పుడు తగలదు. ఈ రెండు సందర్భాల్లో బుల్లెట్లు వేర్వేరు చోట్ల పడతాయి. బల్ల మీద జీరో చేసి (గురి పెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోపు సర్ది) అడవిలో తప్పిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. విరుగుడు సులువే. సంచిని కొన దగ్గర కాకుండా మ్యాగజైన్‌కి కాస్త ముందు, స్టాక్ మందంగా ఉన్నచోట పెట్టాలి. బైపాడ్ (స్టాక్ ముందు బిగించే రెండు కాళ్ళ ఆసరా) బిగించే ఆలోచన ఉంటే మాత్రం మెత్తటి స్టాక్ రైఫిల్ వద్దు.

సేఫ్టీ పరీక్ష ఖాళీ రైఫిల్‌తో ఇలా చేయాలి. బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలెయ్యాలి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయాలి. టిక్‌మని పిన్ పడిందంటే ఆ రైఫిల్ అక్కడే వదిలెయ్యండి. తర్వాత సేఫ్టీ తీసి ఉండగా బోల్ట్‌ని విసురుగా నాలుగైదుసార్లు మూయాలి, బట్‌ని (స్టాక్ వెనక కొనని) రబ్బరు చాప మీద అరచేయి ఎత్తునుంచి తట్టాలి. దేనికీ పిన్ పడకూడదు. పాతది కొంటుంటే వరుస సంఖ్యని కంపెనీ రీకాల్ జాబితాతో సరిచూసుకోవాలి. 2014 ఏప్రిల్‌లో రెమింగ్టన్ ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్ళను వెనక్కి పిలిచింది. అతుకు పదార్థం ఎక్కువైతే ట్రిగ్గర్ లాగకుండానే పేలే ప్రమాదం ఉందన్నది అందుకు కారణం. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా ఆ ట్రిగ్గర్‌తో తయారైనవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో అవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

ట్రిగ్గర్ బరువు గేజితో పదిసార్లు కొలవండి. సగటు 3 నుంచి 4 పౌన్లుంటే వేటకి చాలు. సగటుకన్నా ముఖ్యం, పది కొలతల్లో తేడా ఎంత అన్నది. 3.5 పౌన్లు అటూ ఇటూ పావు పౌను ఊగితే వేలు అలవాటు పడుతుంది. ఒకసారి 3, ఇంకోసారి 4.5 అయితే ఏ వేలూ నేర్చుకోలేదు.

స్కోపు రింగుల మరలు టార్క్ రెంచితోనే (బిగింపు బలం కొలిచే రెంచితో) బిగించాలి. మామూలు ఉక్కు, అల్యూమినియం రింగులకి 15 నుంచి 20 ఇంచ్ పౌండ్లు. యాక్షన్ మరలకి రైఫిల్ వెంట వచ్చిన పుస్తకంలోని అంకె చూడాలి, ఒక మోడల్ అంకె ఇంకోదానికి పనికిరాదు. కొత్త రైఫిల్ అని నమ్మకుండా అన్ని మరలూ ఒకసారి రెంచితో ముట్టి చూడండి. "ఈ రైఫిల్ సూటిగా కొట్టదు" అన్న ఫిర్యాదుల్లో ఒక పెద్ద భాగం మరలు వదులైన ఫిర్యాదే.

ప్యాకేజీ స్కోపు సంగతి

రెండు రైఫిళ్ళని పోల్చాలంటే ఒకే నమ్మకమైన స్కోపుని రెండింటికీ మార్చి మార్చి బిగించాలి. లేదంటే పోల్చేది రైఫిళ్ళని కాదు, స్కోపులని. ప్యాకేజీ స్కోపు ఉంచుకోవాలనుకుంటే తూటా ఖర్చు లేకుండా దాన్ని పరీక్షించొచ్చు. రైఫిల్‌ని కదలకుండా రెస్టులో బిగించి, 100 గజాల దూరంలో పెద్ద అట్ట మీద మధ్యలో ఒక చుక్క, దానికి సరిగ్గా 5 అంగుళాల పావు పైన ఇంకో చుక్క పెట్టాలి. చాలా స్కోపుల్లో ఒక క్లిక్కు (గురి సర్దే మీట తిరిగే ఒక మెట్టు) పావు ఎంఓఏ (కోణపు కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు). ఒక ఎంఓఏ 100 గజాల్లో 1.047 అంగుళాలు కనుక 20 క్లిక్కులకి గురి గీత దాదాపు పై చుక్క దాకా జరగాలి. పైకి 20, కుడికి 20, కిందికి 20, ఎడమకి 20 తిప్పితే మొదటి చుక్క మీదకే తిరిగి రావాలి. రాలేదంటే, లేదా రెండు క్లిక్కులు తిప్పేదాకా కదలక మూడోదానికి గభాలున దూకిందంటే, దాన్ని తీసి పక్కన పెట్టండి. అలాంటి స్కోపు రైఫిల్ తన్నుకి నిలబడుతుందని ఆశపడొద్దు. ఐపీసుకి, కనుబొమకి మధ్య మూడు అంగుళాలైనా ఉండాలి. .30-06 లాంటి తన్నే తూటాకి అంతకు మించి ఉంటేనే నుదురు క్షేమం.

అరవై తూటాలు ఎలా ఖర్చు పెట్టాలి

పెట్టెకి 20 చొప్పున మూడు పెట్టెలు చాలు. వేటకి వాడబోయే తూటా రెండు పెట్టెలు, వేరే కంపెనీదో వేరే బరువు బుల్లెట్‌దో ఒక పెట్టె. మ్యాచ్ తూటాలతో (గురి పోటీల కోసం చేసినవాటితో) పరీక్షించి వేటకి సాఫ్ట్ పాయింట్ (మెత్తటి సీసపు మొన ఉన్నది) వాడితే ఆ పరీక్ష దేనికీ కొరగాదు.

ఆ మూడో పెట్టెతో మొదలుపెట్టండి. బోల్ట్ తీసి బారెల్లోంచి టార్గెట్ చూస్తూ స్కోపు సుమారుగా కలిపాక, 25 గజాల్లో 3 కాల్చి సర్దాలి. ఇక్కడ ఒక అంగుళం జరపడానికి 16 క్లిక్కులు తిప్పాలన్నది మర్చిపోకూడదు. 100 గజాలకి వెళ్ళి 7 తూటాలతో దగ్గరికి తెచ్చి, మిగిలిన 10తో అయిదేసి చొప్పున రెండు గ్రూపులు కొట్టాలి. గ్రూపు గ్రూపుకీ మధ్య బోల్ట్ తెరిచి ఉంచి పది నిమిషాలు ఆరనివ్వండి. వేట రైఫిళ్ళ బారెళ్ళు సన్నం, అయిదు తూటాలకే వేడెక్కుతాయి. ఎండలో మరీను.

వేట తూటాతో ఇంకో రెండు గ్రూపులు, అంటే 10. చల్లారిన బారెల్‌తో విడివిడిగా 5, వీలైతే రెండు మూడు రోజుల్లో. మోకాలి మీద, కూర్చుని, కర్రల ఆసరాతో అయిదేసి చొప్పున 15. చివరి జీరోకి 10. లెక్క సరిగ్గా అరవై.

ఏ తూటా అయినా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి అప్పుడు బోల్ట్ తెరవాలి. శబ్దం బలహీనంగా వచ్చి, తన్ను తక్కువగా అనిపిస్తే వెంటనే ఆపి బారెల్లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడాలి. ఇంకో తూటాతో దాన్ని బయటికి నెట్టేద్దామనుకుంటే బారెల్ పగులుతుంది.

మూడు తూటాల గ్రూపు చెప్పే అబద్ధం

టిక్కా 1 ఎంఓఏ హామీ ఇస్తుంది, వాన్‌గార్డ్ 0.99 అంగుళాల హామీ ఇస్తుంది. రెండూ 100 గజాల్లో మూడు తూటాల గ్రూపుకే. అందులో మోసం లేదు, కానీ లెక్క తెలుసుకోవాలి. ఒక రైఫిల్‌తో మూడు తూటాల గ్రూపులు సగటున 1 అంగుళం వస్తుంటే, అదే రైఫిల్, అదే తూటా, అదే చెయ్యి అయిదు కాలిస్తే సగటు దాదాపు 1.27 అంగుళాలు అవుతుంది. పది కాలిస్తే 1.6 దగ్గర. రైఫిల్ చెడిపోలేదు. తూటాలు పెరిగేకొద్దీ అంచుకి పోయేవి పడే అవకాశం పెరుగుతుంది, అంతే. పైగా మూడు తూటాల గ్రూపులు విడివిడిగా చాలా ఊగిసలాడతాయి. సగటు 1 అంగుళం ఉన్న రైఫిల్ ఒకసారి అర అంగుళం కొడుతుంది, ఇంకోసారి ఒకటిన్నర. ఆ అర అంగుళం కాగితాన్ని జేబులో పెట్టుకుని అందరికీ చూపించడం మానవ సహజం. దాన్ని బట్టి రైఫిల్ కొనడం మాత్రం తప్పు.

ఇదే లెక్క జీరోకీ వర్తిస్తుంది. అయిదు తూటాల గ్రూపు సగటున 1.5 అంగుళాలు వచ్చే రైఫిల్‌తో మూడే కాల్చి వాటి నడిమి చోటు కనుక్కుంటే, అది అసలు చోటుకి ఒక క్లిక్కు అటో ఇటో తప్పడం మామూలే. అందుకే మూడు కాల్చి ఒక క్లిక్కు, మళ్ళీ మూడు కాల్చి ఇంకో క్లిక్కు అంటూ తిప్పేవాళ్ళకి పెట్టెలు ఖాళీ అవుతాయే తప్ప జీరో కుదరదు. చివరికి ఉంచుకున్న 10 తూటాలూ ఒకే గురితో కాల్చి, పదింటి నడిమి చోటు చూసి, ఒక్కసారే సర్దండి.

చవక రైఫిల్ నుంచి ఎంత ఆశించాలి? అయిదు తూటాల గ్రూపులు నాలుగు తీసుకుంటే సగటు 1.5 అంగుళాల్లో ఉంటే వేటకి హాయిగా సరిపోతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల భాగం సుమారు 8 అంగుళాల వెడల్పు. 200 గజాల్లో ఆ రైఫిల్ పరిచేది 3 అంగుళాలు. మిగతా అయిదు అంగుళాలు కాల్చేవాడి చేతులకి, ఊపిరికి, గాలికి. 2 అంగుళాలు దాటితే తూటా మార్చి చూడాలి. రెండు తూటాలతోనూ దాటితే మరలు, బారెల్ మూతి, స్కోపు ఈ వరుసలో అనుమానించాలి. బారెల్ మూతి అంచు చుట్టూ దూదిపుల్ల తిప్పండి, దూది పీచు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ గంటు ఉన్నట్టే.

రంధ్రాలు ఏం చెబుతున్నాయి

నిలువుగా పైకి పాకుతూ పోతే, అదీ ఒకదాని తర్వాత ఒకటి వరుసగా, బారెల్ వేడెక్కి స్టాక్‌కి తగులుతోందని అర్థం. అరగంట ఆరనిచ్చి మళ్ళీ కొడితే మొదటి రంధ్రం దగ్గరికే వస్తే అనుమానం తీరినట్టే. వరుస లేకుండా నిలువుగా చెదిరితే, ప్రతిసారీ సంచి మీద రైఫిల్ వేరే చోట ఆనుతోందేమో, యాక్షన్ ముందు మర వదులైందేమో చూడాలి.

అడ్డంగా పరుచుకుంటే ముందు గాలి. గంటకి 10 మైళ్ళ అడ్డగాలి .308 బుల్లెట్‌ని 100 గజాల్లో ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా తోస్తుంది. గాలి లేకపోతే ట్రిగ్గర్ వేలు.

రెండు చిన్న గుంపులుగా విడిపోతే చెప్పడానికి ఇది తేలికైన లక్షణం. స్కోపు మౌంటు రెండు స్థానాల మధ్య ఊగుతోంది, లేదా యాక్షన్ స్టాక్‌లో రెండు రకాలుగా కూర్చుంటోంది. ఇంకో కారణం చెంప. స్టాక్ చెంపకి అందకపోతే తల ఒకోసారి ఒకోచోట ఆనుతుంది, పారలాక్స్ (కన్ను జరిగితే గురి గీత కూడా జరిగినట్టు కనిపించడం) వల్ల గురి మారుతుంది. చవక స్టాక్‌ల చెంప భాగం తరచూ కిందికి ఉంటుంది, స్కోపు పైన ఉంటుంది. రిసీవర్ మీద స్కోపుని వీలైనంత దించడం, చెంప మీద నురగ మెత్త కట్టడం, ఈ రెండూ చాలా చవకైన మందులు.

కుడిచేతివాళ్ళకి తూటాలు కిందికి, ఎడమకి జారుతుంటే అది రైఫిల్ తప్పు కాకపోవచ్చు, ఉలికిపాటు. తేల్చుకోవడానికి పక్కవాళ్ళ చేత మ్యాగజైన్ నింపించుకోండి. అసలు తూటాల మధ్య ఎక్కడో ఒక డమ్మీ (పేలని నకిలీ తూటా), ఎక్కడన్నది మీకు చెప్పకుండా. డమ్మీ వచ్చినప్పుడు మూతి కిందికి వంగితే జవాబు దొరికినట్టే. తేలిక రైఫిళ్ళతో ఈ ఇబ్బంది ఎక్కువ. ఒకే బరువు రైఫిల్లో .308 తన్నే శక్తి .243 కన్నా రెట్టింపుకి దగ్గర. 6.5 క్రీడ్‌మూర్ ఈ రెంటికీ మధ్య. రూగర్ అమెరికన్ .308లో స్కోపు లేకుండా 6 పౌన్ల పైచిలుకే. మోయడానికి సుఖం, బల్ల మీద ఇరవై తూటాలకి భుజం లెక్క అడుగుతుంది. మొదటి రైఫిల్ కొనేవాళ్ళకి మా సలహా .243 లేదా 6.5 క్రీడ్‌మూర్.

మ్యాగజైన్, బోల్ట్: అసలు తేడా ఇక్కడే

గ్రూపుల్లో ఈ ఆరు రైఫిళ్ళ మధ్య తేడా ఒక్కోసారి కనిపించదు కూడా. రెండో తూటా ఎక్కించేటప్పుడు కనిపిస్తుంది.

మ్యాగజైన్ నిండా డమ్మీ తూటాలు వేసి, బోల్ట్ మూసి ఉండగా లోపలికి నెట్టండి. కొన్ని నిండుగా ఉంటే కూర్చోవు, ఒకటి తగ్గిస్తేనే కూర్చుంటాయి. అది వేటలో కాదు, ఇప్పుడే తెలియాలి. కూర్చున్నాక కిందనుంచి అరచేత్తో తట్టి, తర్వాత ముందుకి లాగి చూడండి. ప్లాస్టిక్ కొక్కెం అయితే అది వంగి వదులుతుందా అన్నది ముఖ్యం. ఇక బోల్ట్‌ని ఒకసారి చాలా నెమ్మదిగా, ఒకసారి వీలైనంత వేగంగా ఆడిస్తూ మొత్తం ఖాళీ చేయండి. నెమ్మదిగా ఆడిస్తే తూటా ముక్కు ఛాంబర్ అంచుకి కొట్టుకుంటుందా, చివరి తూటా పైకి ఎగిరి అడ్డం పడుతుందా చూడాలి. బోల్ట్ వెనక్కి పూర్తిగా లాగినప్పుడు అటూ ఇటూ ఊగి, ముందుకి తోసేటప్పుడు బిగుసుకుంటే దానికి కారణం చాలాసార్లు మన చెయ్యే. పిడిని పక్కకి ఒత్తకుండా సూటిగా తోయాలి. టిక్కాలో ఎలా తోసినా పోతుంది, యాక్సిస్‌లో పోదు. ఆ తేడాకే డబ్బు.

అసలు తూటాలు కాల్చేటప్పుడు మ్యాగజైన్‌లో మిగిలిన వాటి ముక్కులు గమనించండి. సాఫ్ట్ పాయింట్ సీసపు మొన తన్నుకి మ్యాగజైన్ ముందు గోడకి కొట్టుకుని చదునైపోతుంది. కొద్దిగా అయితే పర్లేదు, పుట్టగొడుగులా అణిగితే ప్లాస్టిక్ మొన ఉన్న బుల్లెట్లకి మారాలి. బయటపడ్డ డొల్లలను పారెయ్యకుండా వరుసగా పేర్చి చూడండి. ఫ్యాక్టరీ తూటాకి బోల్ట్ పిడి ఎత్తడం బలవంతంగా మారితే, ప్రైమర్ (డొల్ల అడుగున పిన్ తగిలే చిన్న టోపీ) చదునై అంచుల దాకా పరుచుకుంటే, డొల్ల అడుగుకి కాస్త పైన మెరిసే ఉంగరం కనిపిస్తే కాల్చడం ఆపి రైఫిల్‌ని తుపాకుల మెకానిక్‌కి చూపించాలి. ఆ ఉంగరం డొల్ల అక్కడ సాగి తెగబోతోందని చెబుతుంది, తరచూ హెడ్‌స్పేస్ ఎక్కువైన గుర్తు.

మరి ఏది?

బల్ల మీద కాకుండా చేత్తో, కర్రల మీద ఆనించి కాల్చడమే మీ పని అయితే, బడ్జెట్ గట్టిగా బిగిసి ఉంటే, అక్యుట్రిగ్గర్ ఉన్న యాక్సిస్ తీసుకుని మిగిలిన డబ్బుతో ప్యాకేజీ స్కోపు మార్చండి. స్టాక్ మెత్తదనం మీకు అడ్డు రాదు. బైపాడ్, సంచులు, ఇసుక మూటలు వాడేవాళ్ళకి రూగర్ అమెరికన్ మేలు, యాక్షన్ కూర్చునే తీరు దానిదే బాగుంది. బోల్ట్ ఎత్తడానికి పడే బలం మాత్రం కొనబోయే మనిషే చేతులారా చూసుకోవాలి. భుజానికి ఆనించి, రైఫిల్ దించకుండా అయిదుసార్లు బోల్ట్ ఆడించలేకపోతే ఎక్స్‌పీఆర్‌దీ 60 డిగ్రీలే కనుక అదీ సులువు కాదు. 90 డిగ్రీల హోవా వైపు చూడండి. ఎడమచేతివాళ్ళు ముందు ఎడమ బోల్ట్ దొరికే మోడళ్ళ జాబితా తీసి, పోలిక ఆ తర్వాత మొదలుపెట్టడం మంచిది.

చెక్క స్టాక్ మీద మనసుంటే పేట్రియట్. కాగితం పరీక్ష దానికీ తప్పదు, చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండాకాలంలో చక్కగా వచ్చిన కాగితం వానాకాలంలో ఇరుక్కోవచ్చు. మచాన్ మీద, వాహనం దగ్గర ఉండి వేటాడేవాళ్ళకి హోవా బరువు శాపం కాదు, వరమే. నిలకడ ఎక్కువ, తన్ను తక్కువ, బారెల్ నెమ్మదిగా వేడెక్కుతుంది. రోజంతా కొండలెక్కేవాళ్ళకి ఆ మాట చెప్పలేం.

టిక్కా కోసం బడ్జెట్ సాగదీయాలా అంటే, దానికోసం స్కోపులో కోత పెట్టేట్టయితే వద్దు. మంచి స్కోపున్న యాక్సిస్ ముందు నాసి స్కోపున్న టిక్కా నిలవదు. రెండింటికీ చాలినంత ఉంటే టిక్కా తీసుకోవడానికి కారణం చిన్న గ్రూపు కాదు, బోల్ట్, ట్రిగ్గర్, మళ్ళీ అమ్మితే వచ్చే ధర.

రెండు రైఫిళ్ళ మధ్య తేలకపోతే ఆ విడివిడి 5 తూటాల కాగితం తీయండి. ఒకే కాగితాన్ని దాచి, ప్రతిసారీ చల్లారిన బారెల్‌తో, మొదటి తూటా మాత్రమే దాని మీద కాల్చి, తేదీ, తూటా పెట్టె మీది లాట్ నంబరు పక్కనే రాసుకోవాలి. అయిదు రంధ్రాలూ మీ జీరో చుట్టూ రెండు అంగుళాల్లో ఉన్న రైఫిల్, బల్ల మీద ముప్పావు అంగుళం గ్రూపు కొట్టి మొదటి తూటాని ఎప్పుడూ పక్కకి విసిరే రైఫిల్ కన్నా కొనదగ్గది. ఆ కాగితాన్ని స్టాక్‌లోనో తుపాకీ సంచిలోనో ఉంచుకుంటే, వచ్చే ఏడు వేట కాలం ముందు ఆరో రంధ్రం దాని మీదే పడాలి.